ఎనిమిది వందల బేరం

మెట్లు ఇరుకు, చూసుకుని ఎక్కండి. చెప్పులు గుమ్మం బయటే వదిలేయాలి, లోపలి యంత్రాలకు దుమ్ము పడదు. అనంతపురంలో జూన్ నెల, సాయంత్రం ఆరున్నర. కింద సుభాష్ రోడ్డు మీద ఆటోల హారన్లు, కాక తగ్గని గాలి. పడమట మబ్బు కమ్మినట్టే కమ్మి చెదిరిపోయింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది, అదీ పడిన ఏడాదికి. పల్లెల్లో వేరుశనగ విత్తనం సిద్ధం చేసుకుని ఆకాశం కేసి చూసే రోజులు. తలుపు తోయగానే ఏసీ చల్లదనం ముఖానికి తగులుతుంది. చీకటి గది, గోడల వెంట రెండు వరసల కంప్యూటర్లు, కీబోర్డుల టకటక. ఎవడో మైకులో అరుస్తున్నాడు: "బీలో ముగ్గురుండారు! బిర్నా రాండ్రా!"

ఊరికే చూసిపోదామని వచ్చారు మీరు. మూలనున్న నలుగురు కుర్రాళ్లకు మాత్రం ఐదోవాడు రాలేదు. వాడెక్కిన బస్సు ఇంకా ధర్మవరం దాటలేదట. వాళ్లలో పెద్దవాడు, జేఎన్‌టీయూలో ఇంజనీరింగ్ మూడో ఏడు, కుర్చీ తిప్పి మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు.

"అన్నా, ఆడ్తావా? ఒకడు తక్కువైనాడు."

"నాకు పెద్దగా రాదే."

"రాకపోతే ఏమిలే అన్నా. చెప్పేది ఇంటే చాలు. కూచో, సేజ్ తీస్కో."

కూర్చోండి. హెడ్‌సెట్ పెట్టుకోండి. ఆట పేరు వాలరెంట్, సేజ్ అందులో గోడ కట్టే పాత్ర. రయట్ గేమ్స్ 2020 జూన్ 2న విడుదల చేసింది. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఒక జట్టు స్పైక్ అనే బాంబును పెట్టి పేల్చాలి, రెండో జట్టు అడ్డుకోవాలి. 12 రౌండ్లయ్యాక పక్షాలు మారతాయి, ముందుగా 13 రౌండ్లు గెలిచిన జట్టుది మ్యాచ్. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, విడుదలైన కొత్తలో పాత కోర్ 2 డ్యుయో మీద కూడా కదిలేది. ఇలాంటి ఊళ్లలోని గేమింగ్ సెంటర్లు ఈ ఆటతో నిలదొక్కుకోవడానికి అదీ ఒక కారణం. ఈ కుర్రాళ్లందరూ ఫోన్ మీద మొదలుపెట్టినవాళ్లు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌నీ, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌నీ కేంద్రం నిషేధించింది. చదువుకని, పనికని టౌనుకు వచ్చాక వీళ్ల చేతికి మౌస్ వచ్చింది.

మ్యాప్ అసెంట్. వెనిస్ నగరం పోలికతో కట్టిన వీధులు, మధ్యలో ఖాళీ ముంగిలి, స్పైక్ పెట్టే చోట్లు రెండు, ఒక పక్క ఏ, ఇంకో పక్క బీ. మీ జట్టుది కాపలా. తెర మీద కొనుగోళ్ల పట్టిక తెరుచుకుంది. మీ ఖాతాలో 800 క్రెడిట్లు ఉన్నాయి. పక్కవాడికీ అంతే, అవతలి ఐదుగురికీ అంతే. ఈ రౌండులో, మళ్లీ పక్షాలు మారాక 13వ రౌండులో, ఎవరి దగ్గరా చిల్లిగవ్వ ఎక్కువుండదు. దీన్నే పిస్టల్ రౌండు అంటారు.

పట్టికలో ఒక వరస మొత్తం పిస్టళ్లు. క్లాసిక్ మీ చేతిలో ఉండనే ఉంది, ఉచితం. షార్టీ 300. ఫ్రెంజీ 450. ఘోస్ట్ 500. షెరిఫ్ 800. మీ బాణం గుర్తు తిన్నగా షెరిఫ్ మీదికి పోతుంది. కొత్తగా కూర్చున్న ఎవరిదైనా అక్కడికే పోతుంది. తలకు తగిలితే 159. ఆటలో మనిషి ప్రాణం 100, పెద్ద కవచం వేసుకున్నా 150. అంటే 30 మీటర్ల లోపల షెరిఫ్ తూటా తలకు తగిలినవాడు లేవడు. నొక్కారు. ఖాతా సున్నా అయింది.

"వొద్దన్నా, వొద్దు! అమ్మెయ్ దాన్ని!" హెడ్‌సెట్‌లోనూ, పక్కనుంచీ ఒకే గొంతు రెండుసార్లు వినబడుతుంది. రౌండు మొదలయ్యే లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు. ఇచ్చేశారు. 800 తిరిగొచ్చింది.

"యాల వొద్దంటాండానంటే, ఇప్పుడు అవతలోనికి పెద్ద కవచం కొనే డబ్బు యాడుంది? 100 కానీ 125 కానీ, అంతకన్నా ఉండదు. 159 ఏంటికి? నువ్వు సేజ్. గోడ కొను, 400. చిన్న కవచం ఏస్కో, 400. క్లాసిక్‌తోనే నిలబడు."

ఆ మాటను కాస్త నిదానంగా వినండి, ఇందులో చాలా సంగతి ఉంది. 800 పెట్టి షెరిఫ్ కొన్నవాడికి గోడ లేదు, కవచం లేదు, పొగ లేదు. చేతిలో ఆరు తూటాలు. అందులో మూడు గురి తప్పితే మిగిలేది మూడు. పైగా ఈ రౌండులో ఎదుటివాణ్ణి పడగొట్టడానికి అంత బలం చాలామట్టుకు వృథా. ఘోస్ట్ తలకు 105 కొడుతుంది. కవచం లేనివాడికి అది చాలు. తూటాలు ఆరుకన్నా ఎక్కువ, చప్పుడు తక్కువ, మీద 300 మిగులు. కవచం వేసుకున్నవాడికి తలకొకటి, ఒంటికొకటి పడితే 135, వాడూ పోతాడు. అందుకే చాలామంది ఆటగాళ్లు మొదటి రౌండుకు ఘోస్ట్ పట్టుకుంటారు. సేజ్‌కి మాత్రం లెక్క వేరు. గోడకు 400 పోయాక ఘోస్ట్ అందదు. మీ గోడ జట్టు మొత్తానికి ఒక వీధి మూసిపెడుతుంది, మీ చేతిలోని తుపాకి మీ ఒక్కరిది. గోడే కొనాలి.

మిగతావాళ్లు ఏం కొన్నారో చూడండి. ఇంటర్ రెండో ఏడు చదివే చిన్నోడు, వేళ్లు సన్నగా ఉన్నవాడు, ఏ పక్క పొడవాటి దారి కాస్తాడు. వాడిది ఘోస్ట్. మొబైల్ షాపులో పనిచేసే కుర్రాడు మీతో బీలో, మూల మలుపు దగ్గర, వాడిది ఫ్రెంజీ. మీట వదలకుండా నొక్కితే తూటాలు వరసగా పోతాయి, దగ్గర్లో అయితే ఎదుటివాడికి ఊపిరి పీల్చే సందు ఉండదు, దూరం పెరిగితే గోడలకు సున్నం రాలుతుంది అంతే. కళ్యాణదుర్గం పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడ డిప్లొమా చదువుతున్నవాడు ముంగిలి కాస్తాడు, ఘోస్టే. కాల్ ఇచ్చే ఇంజనీరింగ్ కుర్రాడు కూడా ఘోస్టే, మిగిలిన దాంతో పొగ. నిలబడే చోటు ముందు తేలింది, తుపాకి తర్వాత తేలింది. ధర చూసి కొన్నవాడు ఒక్కడూ లేడు.

గంట మోగింది. దారుల్లోని అడ్డుతెర తొలగింది.

బీ దారికి అడ్డంగా గోడ వేయండి. నీలంగా మెరిసే మంచు గోడ, 40 సెకన్లు నిలుస్తుంది. దాని వెనక పెట్టె చాటున కూర్చోండి. హెడ్‌సెట్‌లో అడుగుల చప్పుడు వస్తుంది, దగ్గరవుతుంది, ఆగుతుంది. గోడ మీద రెండు తూటాలు పడ్డాయి. ఆ తర్వాత అడుగులు వెనక్కి పోయాయి.

"బీ నుంచి పోతాండారు" అంటారు మీరు. మీ గొంతు మీకే కొత్తగా వినబడుతుంది.

"ఏకి వస్తారు. చిన్నోడా, చూస్కో."

చిన్నోడు మాట్లాడడు. వాడి తెర పక్కనే ఉంది, ఓరగా చూడవచ్చు. గురి గుర్తును గోడ అంచున తల ఎత్తులో పెట్టి ఉంచాడు, చెయ్యి కదలడం లేదు. ఎదుటివాడి భుజం అంచు కనబడింది. టప్ మన్న చిన్న చప్పుడు, ఒకే ఒక్క తూటా. అవతలివాళ్ల పేర్లలో ఒకటి బూడిదరంగుకు మారింది. రెండోవాడికి ఒంటి మీద ఒకటి తగిలింది. మూడోవాడు ఇతన్ని కొట్టేశాడు.

"ఒకడు పోయినాడు, ఇంకోనికి 30 కొట్టినా" అని చెప్పి చిన్నోడు కుర్చీకి వాలాడు. 30 అని అంకెతో సహా చెప్పడం ఇక్కడ అలవాటు. ఆ అంకె విన్నవాడికి ఇంకెన్ని తూటాలు కావాలో తెలుస్తుంది.

పరుగెత్తండి. చెట్టున్న తోట మీదుగా ఏ వైపు. దారిలో డిప్లొమా కుర్రాడు పడిపోయాడు, ఒకణ్ణి తీసుకుపోయాడు. స్పైక్ పెట్టేశారు, గంట కొట్టుకుంటోంది. తలుపు దాటగానే ఎదురుగా ఒకడు. మీరు పరుగెత్తుతూనే నొక్కారు. నాలుగు తూటాలు నాలుగు దిక్కులకు పోయాయి.

"ఆగన్నా! నిలబడి కొట్టు!"

ఈ ఆటలో కదులుతూ కాల్చిన తూటా గురి గుర్తు ఉన్నచోటికి పోదు. కుడికి నడుస్తుంటే ఎడమ మీట ఒకసారి తాకించాలి, మనిషి టక్కున ఆగుతాడు, ఆ క్షణంలో కాల్చాలి. పిస్టల్ నేర్చుకోవడమంటే ముందు ఇదే. మీరు ఆగారు. అతను దగ్గరికొచ్చేశాడు. క్లాసిక్ కుడి మీట నొక్కితే మూడు తూటాలు ఒకేసారి పోతాయి. దగ్గర్లో దానికి మించిన ఉచిత వస్తువు లేదు. నొక్కారు. పడ్డాడు. మీ ఖాతాలో 200 చేరింది. మరుక్షణం పెట్టె పైనుంచి ఎవడో మిమ్మల్ని కొట్టాడు. వెనకే మొబైల్ షాపు కుర్రాడు ఫ్రెంజీతో దూరం నుంచి వెళ్లబోసినా ఒక్కటీ తగల్లేదు. కాల్ ఇచ్చేవాడూ పడిపోయాడు. రౌండు పోయింది.

ఇప్పుడు అసలు పాఠం. ఓడిన జట్టులో ఒక్కొక్కరికి 1900 వచ్చింది. మీకు 200 అదనం, మొత్తం 2100. పట్టికలో స్పెక్టర్ 1600కి మెరుస్తోంది, చేతికి అందే పెద్ద తుపాకి. మొబైల్ షాపు కుర్రాడు అప్పుడే కొనేశాడు.

"అమ్మురా దాన్ని. ఎకో, ఈ రౌండు డబ్బు దాచుకోవాల. చెప్పినా కదా."

"ఏంది మామా, అంతా చంపుతాండారు, పిస్టల్ పట్టుకోని ఏం జేస్తాం? ఇది ఉంటే ఒకరిద్దర్ని పడేస్తా."

"పడేస్తావు. ఓడితే? వచ్చే రౌండుకి నీకి వాండల్ వస్తాదా? 2400 వస్తాది, 300 మిగిలింది, 2700. వాండల్ 2900. నలుగురం వాండల్ పట్టుకుంటే నువ్వేం పట్టుకుంటావు?"

కళ్యాణదుర్గం కుర్రాడు ఇంతసేపూ నోరు విప్పలేదు. ఇప్పుడు మైకు దగ్గరికి జరిగి మెల్లగా అంటాడు: "ఇత్తనం కాయలు ఒలుచుకోని తిన్నట్లుండాది మామా నువ్వు చేసేది."

ఎవరూ నవ్వలేదు. స్పెక్టర్ వెనక్కి పోయింది.

పట్టిక అంచున చిన్న అక్షరాలతో ఒక అంకె ఉంటుంది, చూడండి. ఈ రౌండు ఓడినా వచ్చే రౌండులో మీ దగ్గర కనీసం ఎంతుంటుందో ఆట తానే లెక్కగట్టి చూపిస్తుంది. కొత్తవాళ్లు ఆ అంకెను చూడరు. ఏది కొన్నా ఆ అంకె మారుతుంది. మీ 2100లో 800 పెట్టి షెరిఫ్ కొంటే 1300 మిగులు. ఓడితే 2400 కలిసి 3700. వాండల్ 2900, చిన్న కవచం 400, మీ గోడ 400. సరిగ్గా 3700. ఒక్క క్రెడిట్ ఎక్కువ లేదు, తక్కువ లేదు. చిన్నోడికీ 2100 ఉంది, వాడికీ ఇదే లెక్క.

"ఇప్పుడు తీస్కో అన్నా షెరిఫ్" అంటాడు పెద్దవాడు.

ఇందాక వద్దన్నవాడే ఇప్పుడు తీసుకోమంటున్నాడు. గెలిచిన జట్టుకు తలా 3000 వచ్చింది. ఒక్కొక్కడు స్పెక్టర్, పెద్ద కవచం కొని వస్తాడు, ఒంటి మీద 150తో. ఘోస్ట్ 105 అతన్ని ఆపదు, రెండోది కొట్టే లోపు వాడి స్పెక్టర్ మిమ్మల్ని తుడిచేస్తుంది. ఇక్కడ పనికొచ్చేది 159 ఒక్కటే. రౌండు మారితే పిస్టల్ విలువ మారుతుంది. ఇది తెలియక ఎప్పుడూ ఒకే పిస్టల్ కొనేవాళ్లు ఎన్నేళ్లు ఆడినా రెండో రౌండులో అలాగే చస్తుంటారు.

పెద్దవాడు తనకు షార్టీ తీసుకున్నాడు. రెండు గుండ్లు మాత్రమే ఉంటాయి, రెండడుగుల దూరంలో తప్ప పనికిరాదు. ఒకప్పుడు 150కే వచ్చేది, 2023 చివర్లో 300 చేశారు. అంత చేసినా కొనే కారణం ఒకటే. మూల నక్కి ఒకణ్ణి పడగొడితే వాడి స్పెక్టర్ కింద పడుతుంది, ఎత్తుకుంటే అది మీది. 300తో 1600 సరుకు.

"ఐదుగురం బీలోనే. ఏకి వస్తే పోనీ. ఒక్కొక్కడు ఒక్కోచోట నిలబడితే ఒక్కొక్కడే చస్తాం. అన్నా, నువ్వూ చిన్నోడూ లోపలి పెట్టె ఎనక. దూరం పోవద్దు."

దూరం పోవద్దన్నది ఊరికే కాదు. 30 మీటర్లు దాటితే షెరిఫ్ తలకు 145 కొడుతుంది. ఆ ఐదు తగ్గడంతో పెద్ద కవచం వేసుకున్నవాడు ఇంకా నిలబడే ఉంటాడు. నిలబడి మిమ్మల్ని కొడతాడు.

రౌండు మొదలైంది. ఎదురుచూపు. ఏసీ చప్పుడు, వెనక వరసలో ఎవరి కుర్చీయో కిర్రుమంది. మీ అరచెయ్యి మౌస్ మీద చెమట పట్టింది. అడుగులు వినబడ్డాయి, నాలుగు జతలు, ధీమాగా పరుగెత్తుతూ. మీ దగ్గర పిస్టళ్లే ఉన్నాయని వాళ్లకు తెలుసు.

"రానీ, రానీ... రానీరా..."

ధాం ధాం. మూలనుంచి షార్టీ. ఒకడు పడ్డాడు. పెద్దవాడు అప్పటికే స్పెక్టర్ ఎత్తుకున్నాడు. చిన్నోడి షెరిఫ్ ఒక్కసారి పేలింది, రెండోవాడు పడ్డాడు. మీ ముందు మూడోవాడు. మొదటి తూటా తల మీదుగా పోయింది. వెంటనే రెండోది కొట్టారు, అది ఇంకా పైకి పోయింది. షెరిఫ్ ప్రతిసారీ ముట్టె ఎత్తుతుంది, కిందికి దిగేదాకా ఆగాలి. ఆగారు. మూడోది ఒంటికి తగిలింది, 55. నాలుగోది కొట్టే అవకాశం మీకు రాలేదు.

"అన్నా, ఎంత కొట్టినావు?"

"55."

"సూపర్ అన్నా." ఆ మిగతా ప్రాణాన్ని పెద్దవాడు స్పెక్టర్‌తో తీసేశాడు. తర్వాత కళ్యాణదుర్గం కుర్రాడు పడ్డాడు, చిన్నోడు పడ్డాడు, మొబైల్ షాపు కుర్రాడూ పోయాడు. మిగిలింది పెద్దవాడొక్కడు, అవతల ఇద్దరు, స్పైక్ పెట్టేశారు.

ఇక్కడ చాలామంది పారిపోతారు. చేతిలో దొరికిన తుపాకి ఉంది, దాచుకుందామని వీధి చివరికి పరుగెత్తుతారు. ఆట అందుకు ఒక షరతు పెట్టింది. స్పైక్ పేలేదాకా దాక్కుని బతికిన కాపలాదారుకు ఓటమి సొమ్ము 2400 రాదు, 1000 మాత్రమే వస్తుంది. పెద్దవాడికి అది తెలుసు. స్పెక్టర్ దాచుకుంటే 1000, పోరాడి పడితే 2400. పొగ వేసి లోపలికి నడిచాడు. పడిపోయాడు. 0-2.

బోర్డు మీద ఓటమే. లెక్క చూడండి. అవతల ముగ్గురు స్పెక్టర్, పెద్ద కవచం రెండూ పోగొట్టుకున్నారు, మనిషికి 2600 విలువైన సరుకు. మీవాళ్లు పెట్టింది చిల్లర. మూడో రౌండుకు మీ ఐదుగురి చేతుల్లో వాండళ్లు ఉన్నాయి, అవతల ముగ్గురు మళ్లీ స్పెక్టర్లతో వచ్చారు. ఆ రౌండు మీది, నాలుగోది మీది, ఐదోది కూడా మీదే. మ్యాచ్ చివరికి 13-10తో గెలిచారు. రాత్రి ఎనిమిది దాటింది.

కింద బండి నుంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చాయి. పేపర్ ప్లేటు ఒళ్లో పెట్టుకుని తినండి, కీబోర్డు మీద బొరుగు పడితే సెంటర్ నడిపే అన్నకు కోపం వస్తుంది. నలభై దాటిన మనిషి ఆయన. 2000 దశకంలో హైదరాబాద్ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుకు వెళ్లి కౌంటర్ స్ట్రైక్ 1.6కి అలవాటుపడి వచ్చాడు. మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు 1999లో హాఫ్ లైఫ్ ఆటకు అనుబంధంగా మొదలుపెట్టిన ఆట అది.

"అప్పుడూ 800నే" అంటాడు ఆయన. "డెజర్ట్ ఈగల్ 650, కవచం 650. రెండూ రావు. ఏదో ఒకటి. నేను కవచమే కొనేవాణ్ణి."

2023 సెప్టెంబరులో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2లోనూ మొదలు 800 డాలర్లే, డెజర్ట్ ఈగల్ 700. పాతికేళ్లుగా ఈ జాతి ఆటలు ఆటగాణ్ణి అదే అంకె దగ్గర నిలబెడుతున్నాయి. 1500 ఇస్తే అందరూ అన్నీ కొంటారు, 300 ఇస్తే ఎవరూ ఏమీ కొనరు. 800 దగ్గర ఒకటి కొంటే ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకున్నాడన్న దాంట్లోనే ఆటగాడు తెలుస్తాడు. ఈ ఆటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రౌండు అందుకే ఇది.

మెట్ల మీద చప్పుడు. ఒక తండ్రి కొడుకును తీసుకుపోవడానికి వచ్చాడు, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. తెర మీద క్రెడిట్ల అంకెలు చూసి గుమ్మంలోనే ఆగాడు. "ఏమప్పా, ఇది దుడ్లు పెట్టి ఆడే ఆటేనా?"

సెంటర్ అన్న లేచి ఎదురెళ్లాడు. ఆ తండ్రి అడగడంలో తప్పు లేదు. ఆన్‌లైన్ రమ్మీలో మునిగిన ఇళ్లు చూసిన జిల్లా ఇది. పందెం కట్టే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా గుర్తించి పందెం ఆటల నుంచి విడదీసింది. ఈ 800 క్రెడిట్లు మ్యాచ్ ముగియగానే మాయమవుతాయి, రూపాయితో వాటికి సంబంధం లేదు. అయితే ఒక్క సంగతి ఆ తండ్రికి చెప్పాలి, ఆయన పక్కన నిలబడ్డ కొడుక్కీ చెప్పాలి. తుపాకులకు రంగులు, మెరుపులు అమ్మే దుకాణం ఈ ఆటలో ఉంది, అక్కడ అసలు డబ్బే పోతుంది. ఎంత ఖరీదు పెట్టి రంగు మార్చినా ఘోస్ట్ 105 దగ్గర ఒక్క అంకె పెరగదు. ఇంట్లోవాళ్ల డబ్బు దానికి పెట్టకండి, దయచేసి.

ఇంకో మ్యాచ్. ఐదోవాడు వచ్చేశాడు, ఇంటర్ చిన్నోడు ఇంటికి పోవాలి, మీకు కుర్చీ మిగిలింది. ఈసారి మీది దాడి పక్షం, సేజ్ వేరొకరు తీసుకున్నారు. 800 మళ్లీ మీ ముందు. ఎవరూ చెప్పకముందే ఘోస్ట్ తీసుకుని, మిగిలిన 300లోంచి కళ్లు మూసే మెరుపు కొన్నారు. పెద్దవాడు మీ పట్టిక చూశాడు, ఏమీ అనలేదు. దారి మలుపు దగ్గర గురి గుర్తును తల ఎత్తులో ఉంచి, ఎడమకు ఒక అడుగు, ఆగడం, ఒక తూటా. పడ్డాడు. రెండోవాడికి మూడు తూటాలు పట్టాయి, అయినా పడ్డాడు. ఈసారి పిస్టల్ రౌండు మీది.

ఇంటికి పోయాక మీ కంప్యూటర్‌లో ఆట ఉంటే నేరుగా ర్యాంక్ మ్యాచ్‌లోకి దూకకండి. రేంజ్‌లోకి వెళ్లి ఘోస్ట్‌తో బొమ్మలను కొట్టండి. నడవడం, ఆగడం, ఒక తూటా, మళ్లీ నడవడం. వేలికి ఆగడం అలవాటయ్యేదాకా తూటాల లెక్క పెట్టుకోవద్దు. షెరిఫ్ మీద మోజు ఉంటే డెత్‌మ్యాచ్‌లో తీర్చుకోండి, అక్కడ ప్రతి తుపాకీ ఉచితమే, చచ్చినా ఎవరి రౌండూ పోదు. జట్టుతో కూర్చున్నప్పుడు మాత్రం, ముఖ్యంగా ఓడిన మరుసటి రౌండులో, ముందు మైకులో అడగండి, తర్వాత కొనండి.